కుట్టిన చేతికి ఒక పేరుంది

ఏదైనా పనిని తీసిపారేయాలంటే తెలుగువారి నోట వెంటనే వచ్చే మాట ‘అతుకుల బొంత’. నాలుగు పార్టీలు కలిసి నడిపే ప్రభుత్వమూ అతుకుల బొంతే, అక్కడొక ముక్క ఇక్కడొక ముక్క తెచ్చి కూర్చిన పుస్తకమూ అతుకుల బొంతే. ఆ మాటను అలవోకగా వాడే మనలో చాలామంది పుట్టిన మొదటి రాత్రి పడుకున్నది అటువంటి బొంత మీదనే. పొత్తిళ్ళలో బిడ్డ కింద పరిచేందుకు కొత్తగుడ్డ కంటే నలిగి మెత్తబడిన పాతగుడ్డే మేలని మన తల్లులకు తెలుసు. పదేళ్ళు కట్టి ఉతికిన చీర మెత్తదనం దుకాణంలో కొన్న గుడ్డకు రాదు.

మన ఇళ్ళలో దీనికి మరో పేరుంది. ఉర్దూ మాట్లాడే కుటుంబాలలో దీనిని గుద్‌డీ అంటారు. ఆ భాషలో ‘గుద్‌డీ కా లాల్’ అనే నానుడి ఉంది. చినిగిన బొంతలో దాగిన మాణిక్యం అని దాని భావం. పేదింట పుట్టిన ప్రతిభావంతుణ్ణి ఆ మాటతో మెచ్చుకుంటారు. అక్కడ కూడా మెప్పు మాణిక్యానికే దక్కింది గాని బొంతకు దక్కలేదు. ఇక బొంతను కుట్టిన చేతి ఊసు రెండు భాషలలోనూ లేదు.

ఆ చేతిని గురించి ఆలోచింపజేసే చోటు ఒకటి అమెరికాలో ఉంది. ఆ దేశానికి నడుమన ఉన్న నెబ్రాస్కా రాష్ట్రానికి లింకన్ నగరం రాజధాని. అక్కడి విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఇంటర్నేషనల్ క్విల్ట్ మ్యూజియం నడుస్తోంది. మా అల్లుడు ఉద్యోగరీత్యా దానికి గంట ప్రయాణం దూరంలో, ఓమాహాలో నివసిస్తున్నందున కిందటేడు ఆ మ్యూజియాన్ని చూసే అవకాశం కలిగింది. క్విల్టు మన బొంతకు దగ్గరి చుట్టమే. పైన ఒక గుడ్డ, అడుగున ఒక గుడ్డ, నడుమ దూది గాని పాతగుడ్డలు గాని పరిచి, ఆ మూడు పొరలూ జారిపోకుండా అన్నింటి గుండా సూది పోనిచ్చి కుడతారు. పైగుడ్డను చిన్నచిన్న ముక్కలు అతికి తయారుచేయడం అక్కడి స్త్రీలు తరతరాలుగా పెంచుకున్న విద్య.

ఆర్డిస్ జేమ్స్, రాబర్ట్ జేమ్స్ అనే దంపతులు తాము ఏళ్ళ తరబడి సేకరించిన సుమారు 950 క్విల్టులను 1997లో ఆ విశ్వవిద్యాలయానికి దానం చేశారు. అదే ఈ సంస్థకు పునాది. 2008లో దానికి సొంత భవనం ఏర్పడింది. నేడు అరవైకి పైగా దేశాలకు చెందిన ఆరు వేలకు మించిన క్విల్టులు అక్కడ భద్రంగా ఉన్నాయి.

లోపలికి అడుగుపెట్టగానే కళ్ళు మసకబారినట్లు అనిపిస్తుంది. దీపాల కాంతిని కావాలనే తగ్గించి ఉంచుతారు. వెలుతురు రంగులను వెలవెలబోయేలా చేస్తుంది, నూలు పోగులను పెళుసుగా మారుస్తుంది. అందుచేత పాత వస్త్రాలను ప్రదర్శించే చోట కాంతి 50 లక్స్‌కు మించకుండా చూసుకోవడం ఆనవాయితీ. చదువుకునే బల్లపై మనకు కావలసిన వెలుతురులో అది చిన్న భాగం మాత్రమే. కొన్ని నెలలు గోడపై ఉన్న క్విల్టును తీసి చీకటి గదిలో విశ్రాంతికి ఉంచి, దాని స్థానంలో మరొకదానిని వేలాడదీస్తారు. ఎవరినీ ముట్టుకోనివ్వరు. ఒకనాడు చలిరాత్రులలో పిల్లలు కాళ్ళతో తన్నుకుంటూ పంచుకున్న దుప్పటికి నేడు ఈ మర్యాద జరుగుతోంది.

ప్రతి క్విల్టు పక్కన చిన్న చీటీ ఉంటుంది. ఏ ప్రాంతానిది, సుమారుగా ఏ సంవత్సరానిది, ఏ గుడ్డతో చేసినది అన్న వివరాలు దానిలో ఉంటాయి. మా అమ్మాయి ఒక్కొక్కటీ చదివి అర్థం చెబుతూ వచ్చింది. పాతకాలపు క్విల్టుల దగ్గరకు వచ్చేసరికి ఒక మాట పదే పదే వినవలసివచ్చింది: తయారుచేసినవారు తెలియదు. గుడ్డ ఏ మిల్లులో నేసినదో, రంగు ఏ కాలంలో వాడుకలో ఉన్నదో నిపుణులు చెప్పగలుగుతున్నారు. నెలల తరబడి కూర్చుని వేల కుట్లు వేసిన మనిషి పేరు మాత్రం చెప్పలేకపోతున్నారు.

హదీసు విద్యను బోధించే నావంటివానికి ఆ మాట మరో విధంగా వినిపించడం సహజం. మన విద్యలో ఒక మాట ఎంత గొప్పదైనా, దానిని మనదాకా చేర్చినవారి పేర్ల గొలుసు లేకపోతే దానికి బలం లేదు. ఆ గొలుసులో ఒక వ్యక్తి ఎవరో తెలియకపోతే అతణ్ణి ‘మజ్‌హూల్’ అంటారు, అజ్ఞాతుడని అర్థం. ఆ ఒక్క కారణంతో ఉల్లేఖనం బలహీనపడుతుంది. అందుకే మన పండితులు మనుషుల పేర్లను, ఊళ్ళను, గురువులను, మరణించిన సంవత్సరాలను నమోదు చేయడమే ఒక శాస్త్రంగా పెంచారు. ఆ నమోదులో స్త్రీలను విడిచిపెట్టలేదు. హిజ్రీ 230లో మరణించిన ఇబ్ను సాద్ తన బృహద్గ్రంథం ‘తబఖాత్’ చివరి సంపుటాన్ని స్త్రీలకే కేటాయించాడు. పేరు తెలుసుకుని రాసిపెట్టడం ఎంతటి సేవయో ఆ విద్య నేర్చినవారికి వేరే చెప్పనక్కరలేదు.

క్విల్టుల విషయంలో ఈ సేవ చాలా ఆలస్యంగా మొదలైంది. 1971లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో ఒక ప్రదర్శన జరిగింది. జొనాథన్ హోల్‌స్టీన్, గెయిల్ వాన్ డర్ హూఫ్ అనే ఇద్దరు తాము సేకరించిన క్విల్టులను పెద్ద చిత్రకారుల చిత్రాల మాదిరిగా తెల్లటి గోడలపై వేలాడదీశారు. మంచాల మీద పరిచే వస్తువును కళగా చూడవచ్చునని ఎందరికో తెలియజెప్పిన ప్రదర్శన అది. ఆ క్విల్టులే ఇప్పుడు లింకన్ మ్యూజియం సేకరణలో చేరి ఉన్నాయి. అయితే ఆ మెప్పులో ఒక లోపం ఉందని రెండేళ్ళు తిరగకుండానే విమర్శ వచ్చింది. 1973లో పట్రీషియా మైనార్డి రాసిన వ్యాసం ఆ లోపాన్ని ఎత్తిచూపింది. రంగుల పొందికను, ఆకృతుల అందాన్ని పొగిడినవారు వాటిని చేసిన స్త్రీలను పక్కకు నెట్టారని ఆమె వాదన. పేర్లు ఎప్పుడూ లేవన్నది కూడా నిజం కాదు. చాలామంది స్త్రీలు తమ క్విల్టులపై పేరు, సంవత్సరం కుట్టుకున్నారు. చూసేవారి కళ్ళు అక్కడిదాకా పోలేదు.

పేరు నిలిస్తే ఏమి మిగులుతుందో, పోతే ఏమి పోతుందో తెలుసుకోవడానికి హేరియట్ పవర్స్ అనే స్త్రీ కథ చాలు. 1837లో జార్జియా రాష్ట్రంలో ఆమె బానిసగా పుట్టింది. బానిసత్వం రద్దయ్యాక భర్తతో కలిసి వ్యవసాయం చేసుకుంటూ క్విల్టులు కుట్టింది. ఆమె చేతివి రెండే నేటికి మిగిలాయి. మొదటిదానిలో పదకొండు గళ్ళు, ఒక్కొక్క గడిలో ఒక గాథ. ఆదం, హవ్వాల నుంచి మొదలుపెట్టి తాను విన్న మతగ్రంథ కథలను గుడ్డముక్కలను కత్తిరించి బొమ్మలుగా అతికి చెప్పింది. 1886లో ఏథెన్స్ పట్టణంలోని పత్తి సంతలో దానిని ప్రదర్శించినప్పుడు జెన్నీ స్మిత్ అనే చిత్రలేఖన ఉపాధ్యాయిని చూసి కొంటానని అడిగింది. హేరియట్ ఒప్పుకోలేదు. కొన్నేళ్ళకు ఇల్లు గడవని పరిస్థితి వచ్చింది. 1891లో ఆమె స్వయంగా దానిని తెచ్చి పది డాలర్లు అడిగితే, చివరకు చేతికి వచ్చినవి ఐదు. ఆ తరువాత తాను అమ్మిన క్విల్టును చూసుకోవడానికి ఆమె మళ్ళీ మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళేదట. కన్నబిడ్డను దత్తత ఇచ్చిన తల్లిలా వెళ్ళివుంటుంది.

జెన్నీ స్మిత్ ఇచ్చిన ధర తక్కువే. కాని ఆమె ఒక మేలు చేసింది. హేరియట్‌ను కూర్చోబెట్టి, ఏ గడిలో ఏమున్నదో ఆమె నోటనే చెప్పించుకుని కాగితం మీద రాసిపెట్టింది. ఆ కాగితమే లేకపోతే నేడు వాషింగ్టన్‌లోని అమెరికా చరిత్ర జాతీయ మ్యూజియంలో ఉన్న ఆ క్విల్టు పక్కన ‘నల్లజాతి స్త్రీ కుట్టినది, పేరు తెలియదు’ అని ఉండేది. బోస్టన్ మ్యూజియంలో ఉన్న రెండవ క్విల్టులో పదిహేను గళ్ళున్నాయి. వాటిలో యూనుస్ (అలై) గాథతో పాటు 1833లో ఆకాశం నుంచి ఉల్కలు వానలా రాలిన రాత్రి కూడా ఉంది. అది హేరియట్ పుట్టుకకు నాలుగేళ్ళ ముందటి సంగతి. పెద్దలు చెప్పగా విని గుడ్డపై నిలిపింది. చదవడం రాయడం నేర్వనివ్వని సమాజంలో పుట్టిన స్త్రీకి సూదే కలమైంది.

అలబామా రాష్ట్రంలో నది మలుపున ఉన్న జీస్ బెండ్ అనే పల్లెలోని స్త్రీలదీ ఇటువంటి చరిత్రే. బానిసల సంతతివారైన ఆ స్త్రీలు మాసిన పని బట్టలను, పాత సంచులను ముక్కలు చేసి కుట్టిన క్విల్టులు 2002 నుంచి పెద్ద మ్యూజియంలలో ప్రదర్శనకు నోచుకున్నాయి. 2006లో అమెరికా తపాలాశాఖ వాటి బొమ్మలతో బిళ్ళలు వెలువరించింది. వారిలో మిస్సోరీ పెట్‌వే అనే స్త్రీ 1942లో కుట్టిన క్విల్టు మనసును పట్టేస్తుంది. భర్త చనిపోయిన కొద్దికాలానికి ఆయన పొలంలో తొడుక్కున్న బట్టలనే కోసి ఆమె దానిని కుట్టింది. ఆయనను గుర్తుంచుకునేందుకు, ఆ ప్రేమను కప్పుకుని పడుకునేందుకు తల్లి దానిని కుట్టుకున్నదని కూతురు తరువాత చెప్పింది. ఆ కూతురు చెప్పకపోతే చూసేవారికి అది వెలిసిన నీలి ముక్కల కూర్పు మాత్రమే.

ఇది దూరదేశపు ముచ్చట అనుకోనక్కరలేదు. సింధ్ ప్రాంతపు రల్లీలు, బెంగాల్ కాంథాలు కూడా లింకన్ సేకరణలో ఉన్నాయి. రల్లీ అన్న పేరు ‘కలపడం’ అనే అర్థమున్న స్థానిక క్రియ నుంచి వచ్చిందంటారు. కాంథాకు పాత చీరలు, ధోవతులు పొరలుగా పరుస్తారు. చీర అంచు నుంచి లాగిన రంగుదారంతోనే కుట్టేవారు, కొత్తగా కొన్నది సూది ఒక్కటే. బెంగాల్‌లో హిందూ స్త్రీలూ ముస్లిం స్త్రీలూ దీనిని కుట్టారు. కవి జసీముద్దీన్ 1929లో వెలువరించిన ‘నక్షీ కాంథార్ మాఠ్’ అనే కథాకావ్యంలో, భర్తకు దూరమైన పల్లె యువతి తమ జీవితమంతా ఒక కాంథాపై కుట్టి, తన సమాధిపై దానిని పరచమని కోరుతుంది.

కోల్‌కతా శివారున జోకాలో గురుసదయ్ మ్యూజియం ఉంది. అక్కడి కాంథాలలో మానదాసుందరి అనే స్త్రీ తండ్రి కోసం కుట్టినది పేరుపొందింది. తన పేరును, తండ్రికి ఇస్తున్న సంగతిని ఆమె దారంతోనే దానిపై రాసుకుంది. వంద సంవత్సరాలు దాటినా ఆమెను అజ్ఞాత అనే సాహసం ఎవరూ చేయలేరు.

కర్ణాటకలోని ఉత్తర కన్నడ అడవులలో నివసించే సిద్దీలు ఆఫ్రికా మూలాలున్నవారు. వారిలో ముస్లింలు, హిందువులు, క్రైస్తవులు ఉన్నారు. ముగ్గురి ఇళ్ళలోనూ స్త్రీలు ‘కవంది’ అనే బొంత కుడతారు. ఒక మూల నుంచి మొదలుపెట్టి అంచు వెంట చుట్టూ తిరుగుతూ నడిమికి చేరతారు. పని పూర్తయ్యాక నాలుగు మూలలా మడిచిన చిన్న గుడ్డముక్కలు కుట్టి వాటిని ‘పువ్వులు’ అంటారు. ఆ పువ్వులు లేని బొంతకు బట్టలు తొడగనట్లేనని వారి భావన. చలి ఆపేందుకు పువ్వు అక్కరలేదు. అయినా పేదింటి స్త్రీ ఆ నాలుగు పువ్వులూ కుట్టకుండా సూది దించదు.

మన ఊళ్ళలో ఈ విద్య మరీ పాతబడలేదు. మధ్యాహ్నం పనులు తీరాక పంచలో చాప పరిచి నలుగురు స్త్రీలు నాలుగు వైపులా కూర్చుని బొంత కుట్టిన దృశ్యం నా ఈడువారు చూసినదే. వీధివీధి తిరిగి కూలికి బొంతలు కుట్టిపెట్టేవారూ ఉండేవారు. మా అమ్మీ కుట్టిన గుద్‌డీ ఒక కుటుంబ దస్తావేజు వంటిది. వేలు పెట్టి చూపుతూ ఆమె చదివేది: ఇది మీ ఫూఫీ నిఖాహ్‌నాటి ఓఢ్నీ, ఇది మీ దాదా ఈద్‌గాహ్‌కు వెళ్ళేటప్పుడు తొడుక్కున్న షేర్వానీ లోగుడ్డ, ఈ పువ్వుల ముక్క నీ తరువాత పుట్టి ఏడాది నిండకుండానే వెళ్ళిపోయిన నీ చెల్లెలిది. ఆ చెల్లెలి ఫోటో మా ఇంట ఏనాడూ లేదు. అరచేయంత ఆ ముక్క ఒక్కటే ఆమె ఉన్నదనడానికి సాక్ష్యం. అమ్మీ చెప్పబట్టి అది సాక్ష్యమైంది, చెప్పకుంటే అది పాతగుడ్డ.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. మంచి పనిని గుట్టుగా చేయమని గదా మన ధర్మం చెప్పింది, పేరు కోసం పాకులాడడం ప్రదర్శనాబుద్ధి కాదా అని. సందేహం సరైనదే. పేరు కోరకుండా పనిచేయడం చేసేవారి సుగుణం. ఆ సుగుణాన్ని అడ్డం పెట్టుకుని వారిని మరచిపోయే హక్కు మాత్రం పుచ్చుకున్నవారికి లేదు. మనుషులకు కృతజ్ఞత తెలపడాన్ని దైవానికి కృతజ్ఞత తెలపడంతో ముడిపెట్టిన బోధ మనది. ఎవరికో తెలియనివారికి కృతజ్ఞత ఎలా తెలుపుతాం? ఇక అతుకు వేయడం చిన్నతనమనేవారు ఒక సంగతి గుర్తుచేసుకోవాలి. దైవప్రవక్త (స) తమ బట్టలు తామే కుట్టుకునేవారని, చెప్పులు బాగుచేసుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. అతుకు ఆ ఇంట అవమానం కాలేదు.

నేడు మన ఇళ్ళలో జరుగుతున్నది చూద్దాం. రంగురంగుల మిల్లు కంబళ్ళు చవకగా వస్తున్నాయి. పాత బొంతలు మోటారు సైకిళ్ళు తుడిచే గుడ్డలుగానో, సిమెంటు బస్తాల కింద పరుపులుగానో మారుతున్నాయి. కంబళి కొనడం తప్పు కాదు. అయితే ఆ బొంతలను కుట్టిన స్త్రీలలో మిగిలినవారికి ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ళు. ఊళ్ళో వారిని ఫలానావారి తల్లి అనో, ఫలానా ఇంటి నానీ అనో పిలుస్తారు. సొంత పేరు రేషన్ కార్డు మీద తప్ప ఎక్కడా వినపడదు. వారు వెళ్ళిపోయిన మరునాడు ఇంట్లోని బొంత పక్కన మనమే ఆ చీటీ పెట్టినట్లవుతుంది: తయారుచేసినవారు తెలియదు.

అమెరికాలో ఈ నష్టాన్ని గుర్తించి 1981లో కెంటకీ రాష్ట్రంలో కొందరు ఒక పని మొదలుపెట్టారు. ప్రజలు తమ ఇళ్ళలోని క్విల్టులను ఒకచోటికి తీసుకురావాలి. ఫోటో తీసి, ఎవరు కుట్టారో, ఎప్పుడు కుట్టారో అడిగి రాసుకుంటారు. మరెన్నో రాష్ట్రాలు ఆ బాట పట్టాయి. దానికి పెద్ద భవనాలు అవసరం రాలేదు, ఒక బల్ల, ఒక పుస్తకం, వినే ఓపిక సరిపోయాయి. మన ఇంటివరకు మనం చేసుకోవడానికి అంత కూడా అక్కరలేదు.

సోదరీమణులారా, సోదరులారా! ఇంట్లో పాత బొంత ఉంటే తీసి పెద్దావిడ ముందు పరచండి. పిల్లలను పక్కన కూర్చోబెట్టండి. ఏ ముక్క ఎవరి బట్టలోనిదో చెప్పమనండి, ఫోనులో ఆమె గొంతు నింపుకోండి. అరచేయంత తెల్లగుడ్డపై కుట్టినవారి పేరు, పుట్టిన ఊరు, సుమారు సంవత్సరం రాసి, లేదా దారంతో కుట్టి, బొంత వెనుక మూలన అతకండి. అక్కడి క్విల్టుల వెనుక నేడు అందరూ చేస్తున్నది అదే. దానిని ప్లాస్టిక్ సంచిలో కట్టిపెట్టవద్దు, తేమ చేరి బూజు పడుతుంది. శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టి, ఎండ తగలని చోట ఉంచండి. మడతలోనే గుడ్డ ముందుగా చిరుగుతుంది గనుక ఆరునెలలకొకసారి విప్పి మరో వరుసలో మడవండి.

ఆ తెల్లగుడ్డపై ఫలానావారి భార్య అనో, ఫలానావారి తల్లి అనో రాయకండి. ఆమె పుట్టిన ఏడవనాడు ఆమె తల్లిదండ్రులు పెట్టిన పేరు రాయండి. అది తెలియకపోతే ఇప్పుడే వెళ్ళి అడగండి, ఆమె ఇంకా చెప్పగలిగిన స్థితిలో ఉన్నారు.